క్రిమిగారి సొంతూరు

మనిషన్నాక ఒక ఊరుంటుంది. ఊరన్నాక ఒక స్థానికత ఉంటుంది. స్థానికతకో ధ్రువపత్రం ఉంటుంది, దాని కోసం ఓ మూడు రోజుల తిరుగుడుంటుంది. ఇవన్నీ మనిషికి ఉన్నప్పుడు క్రిమికి మాత్రం ఎందుకు ఉండకూడదు? ఇంత చిన్న సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టకపోవడం వైద్యశాఖకే తలవంపులు. ఆ తలవంపులు తీర్చడానికన్నట్టు డైరెక్టరేటు నుంచి సంపెంగవలస జిల్లా ఆస్పత్రికి ఒక సర్క్యులర్ దిగింది.

"కాలిన గాయాల వార్డులందు మందులకు లొంగని క్రిములు ప్రబలుచున్న దృష్ట్యా, సదరు క్రిములు స్థానికములా, స్థానికేతరములా అన్న విషయము తక్షణమే నిర్ధారించవలెను. స్థానిక క్రిములకు ఆయా ఆస్పత్రుల సూపరింటెండెంట్లే పూర్తి బాధ్యులు. స్థానికేతర క్రిములకు అవి బయలుదేరిన ఊరి ఆస్పత్రివారు బాధ్యులు. నిర్ధారణ పూర్తగు వరకు వార్డులో యథాతథ స్థితి కొనసాగవలెను."

అది చదివి మైక్రోబయాలజీ డాక్టరు వకుళ ఎగిరి గంతేసింది. చివరి వాక్యం సరిగ్గా చదవలేదు పాపం. క్రిములకు జన్యుపరీక్ష చేయించండి మహాప్రభో అని ఆమె ఎన్నాళ్ళ నుంచో అడుగుతోంది. ఎవరూ చెవిన పెట్టలేదు. ఇప్పుడు ఈ వంకనైనా ఆ పని అవుతుంది కదా అని ఆమె సంబరం.

సంబరానికి కారణం ఎర్నమ్మ. కోర్టు వీధిలో బజ్జీల బండి ఎర్నమ్మంటే ఆ ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. మూకుడు ఒరిగి కాగే నూనె కుడిచేతి మీద పడింది. అరచేయి నుంచి మోచేతి దాకా తోలు ఊడిపోయింది. తొడ మీది చర్మం తీసి చేతికి అతికించారు. అతికించిన చర్మాన్ని సూడోమోనాస్ అనే క్రిమి నాలుగు రోజుల్లో భోంచేసి, పచ్చటి చీము మిగిల్చింది. ఏ మందేసినా దానికి లెక్కలేదు. సర్జను తెగేసి చెప్పాడు, పుండులో ఆ క్రిమి ఉన్నంతకాలం మళ్ళీ చర్మం అతికించేది లేదని. ఆలస్యమయ్యేకొద్దీ వేళ్ళు ముడుచుకుపోతాయి. ముడుచుకుపోతే ఇక బజ్జీల పిండి కలిపే చెయ్యి కాదది.

"డాట్రమ్మా, నా సెయ్యి బాగవుద్దా?" అని ఎర్నమ్మ రోజూ అడుగుతుంది. "బాగవుద్ది" అని వకుళ రోజూ అంటుంది. అని, బయటికి వచ్చి తన మీద తనకే కోపం తెచ్చుకుంటుంది.

నమూనాలు పట్నం వెళ్ళి వచ్చాయి. ఫలితం చూసి వకుళ సూపరింటెండెంటు గదికి దాదాపు పరుగెత్తింది. సూపరింటెండెంటు పురుషోత్తం పట్నాయక్‌గారు మంచివాడు. ఏ పని చేసినా మాట పడాల్సి వస్తుందని, ఏ పనీ చేయకుండా పదవీ విరమణ దాకా వచ్చిన జాగ్రత్తపరుడు.

"సార్, వార్డులో ఉన్న అందరి పుండ్లలోనూ ఒకటే క్రిమి. అచ్చు గుద్దినట్టు ఒకటే. జన్యువుల్లో ఇసుమంత తేడా లేదు."

పట్నాయక్‌గారి ముఖం పాలిపోయింది. "వైవిధ్యం లేదా?"

"లేదు సార్."

"బొత్తిగా లేదా? ఇంత పెద్ద వార్డులో కాస్తయినా వైవిధ్యం ఉండాలి కదమ్మా."

"రకరకాలుగా ఉంటే ఎవరిది వాళ్ళు బయటి నుంచి తెచ్చుకున్నట్టు. అందరికీ ఒకటే ఉందంటే మనమే ఒక చోట నుంచి అందరికీ పంచుతున్నట్టు. ఆ చోటు కూడా దొరికింది సార్. డ్రెస్సింగ్ రూములో పుండ్లు కడిగే షవరు. దాని చిల్లుల్లో, వెనకున్న గొట్టంలో బంకలాగా పేరుకుని ఉంది. ఇవాళే ఆ షవరూ గొట్టమూ పీకించేస్తే..."

"ఆగాగు." పట్నాయక్‌గారు లేచి తలుపు వేసి వచ్చారు. "షవరు పీకించామంటే క్రిమి ఇక్కడే పుట్టిందని ఒప్పుకున్నట్టే కదా? ఇక్కడ పుడితే స్థానికం. స్థానికమైతే బాధ్యుణ్ణి నేను. ఇంకా చూడమ్మా. నిదానంగా చూడు. అన్నదమ్ములు పైకి ఒకేలా కనిపిస్తారు గానీ లోపల ఎంత తేడా ఉంటుందో! మా తమ్ముడూ నేనూ మాట్లాడుకుని పదకొండేళ్ళయింది."

పట్నాయక్‌గారు అక్కడితో ఊరుకోలేదు. పక్క జిల్లా ఆస్పత్రికి స్వయంగా ఫోను చేసి, వాళ్ళ వార్డు నుంచి వేరే రకం క్రిములున్న పేషెంట్లని ఓ నలుగుర్ని అరువు ఇమ్మన్నారు. వాళ్ళొస్తే వైవిధ్యం దానంతటదే వస్తుందని ఆయన ఎత్తు. అవతలి సూపరింటెండెంటు కూడా ఇదే సర్క్యులరు అందుకున్నవాడు. "మా వైవిధ్యం మాకే చాలడం లేదు" అని ఫోను పెట్టేశాడు.

వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్ సలోమి ఇవేవీ పట్టించుకునే మనిషి కాదు. షవరు నోటికి పాలిథిన్ సంచీ కట్టేసి, నీళ్ళు కాచి చల్లార్చి వాటితో పుండ్లు కడగడం మొదలుపెట్టింది. సాయంత్రానికల్లా ఆమెకో మెమో అందింది. విచారణలో ఉన్న క్రిమి నోరు కట్టివేయుట, బయటి నీరు తెచ్చి వార్డులోని స్థానిక పరిస్థితులను తారుమారు చేయుట యథాతథ స్థితికి భంగకరమనీ, వెంటనే షవరును యథాతథంగా వాడవలెననీ దాని సారాంశం.

"ఇదేటి డాక్టరుగారూ! మంచినీళ్ళతో కడిగితే నేరమా?" అంది సలోమి.

"యథాతథ స్థితట సిస్టర్."

"పుండు యథాతథంగా ఉంటదా? లోపలికి తినీదా?"

వకుళకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆ రెంటిలో ఏదీ బయటపడకుండా నీళ్ళ కుండ దాచే చోటు సలోమికి చూపించింది. ఎర్నమ్మ వరకూ దొంగతనంగా కుండనీళ్ళతో కడుగుదామని ఇద్దరూ అనుకున్నారు. కానీ పట్టిక ప్రకారం షవరు కింద కూర్చోబెట్టారా లేదా అని రోజూ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి తలుపు దగ్గర నిలబడి చూసిపోవడం మొదలైంది. ఆ దొంగతనమూ సాగలేదు.

స్థానికత తేల్చడం వైద్యుల వల్ల అయ్యే పని కాదని డైరెక్టరేటుకి తొందరగానే అర్థమైంది. ఆ విద్య రెవెన్యూ శాఖది. అందుకని తహశీల్దారు జగన్నాయకులుగారు అధ్యక్షుడిగా ఒక కమిటీ వేశారు. ఆయన అఫిడవిట్లలో పుట్టి పెరిగినవాడు. మొదటి రోజే దరఖాస్తు నమూనా ముందు పెట్టుకుని వకుళని కూర్చోమన్నారు.

"పేరు?"

"సూడోమోనాస్ ఎరుజినోసా."

"ఇందులో ఇంటిపేరేది?"

వకుళ ఆలోచించింది. "మొదటిది ఇంటిపేరనుకోండి."

"తండ్రి పేరు?"

"దానికి తండ్రి ఉండడండి. ఒకటే మధ్యకి చీలి రెండవుతుంది."

జగన్నాయకులుగారు కలం ఆపారు. "చీలాక తల్లెవరు, బిడ్డెవరు?"

"చెప్పలేమండి. రెండూ ఒకటే."

"పంపకాలెలా మరి?" అని ఆయన చాలాసేపు బాధపడ్డారు. తర్వాత తేరుకుని, "సరే. ఈ ఊళ్ళో వరసగా నాలుగేళ్ళు చదివిందా?" అన్నారు.

"అది చదువుకోదండి."

"పోనీ, నాలుగేళ్ళు నివాసం?"

"అన్నాళ్ళు ఏదీ బతకదండి. అరగంటకో తరం మారిపోతుంది."

అంతే. జగన్నాయకులుగారి కళ్ళు మెరిశాయి. కాగితం మీద లెక్క వేశారు. అరగంటకో తరమైతే ఒక్క రోజులో నలభై ఎనిమిది తరాలు. మనుషుల లెక్కన చూస్తే వెయ్యేళ్ళు. అంటే నిన్న పొద్దున ఆస్పత్రిలో అడుగుపెట్టిన క్రిమి అయినా సరే, ఇవాళ పొద్దుటికి ఈ ఊళ్ళో వెయ్యేళ్ళ వంశమన్న మాట.

"మా ఇంట్లో ఏడు తరాల పేర్లు చెప్పుకోవడమే గొప్ప" అన్నారాయన గౌరవంగా. "ఇంతకంటే పాతకాపు ఈ జిల్లాలో మరొకడు లేడు. ఇది స్థానికం."

ఈ మాట వినగానే పట్నాయక్‌గారికి బీపీ పెరిగింది. తన ఆస్పత్రిలోనే తను చేరవలసి వస్తుందేమో అని భయమేసింది, ఎందుకంటే అందులో ఏముందో ఆయనకు తెలుసు. ఆయన అభ్యంతరం పెట్టారు. అభ్యంతరమన్న మాట వినపడితే రెవెన్యూవారు ఆగరు. బహిరంగ విచారణ జరగవలసిందే అన్నారు. వార్డు గోడకు నోటీసు అంటించారు. "పై కనబరిచిన క్రిమి స్థానికత విషయమై ఎవరికైనా అభ్యంతరములున్న యెడల గడువులోగా తెలుపుకొనవలెను. క్రిమికి స్వయముగా అభ్యంతరమున్నను తెలుపుకొనవచ్చును." నోటీసు చదవలేనివాళ్ళు నష్టపోకూడదు కాబట్టి ఒకణ్ణి పిలిచి వార్డు చుట్టూ టముకు కూడా వేయించారు.

ఒళ్ళంతా కట్లతో మంచాల మీద పడుకున్న పేషెంట్లు తలలు తిప్పి చూశారు. "ఏ ఊరేగింపమ్మా?" అంది ఎర్నమ్మ.

"నీ చేతిలో ఉన్న పురుగు ఏ ఊరిదో తేలుస్తున్నారమ్మా" అంది వకుళ.

ఎర్నమ్మ తన కట్టువైపు చూసుకుంది. "ఏ ఊరిదైతే నాకేటి? నా సెయ్యి తింతంది. దాన్నవతల పారీమనండి. ఊరు తరవాత సూసుకుంతారు."

కట్టు బయట బొటనవేలు అప్పటికే కొద్దిగా లోపలికి వంగడం వకుళ చూసింది. ఆ రాత్రి ఆమెకి నిద్ర పట్టలేదంటే ఆశ్చర్యం లేదు, పట్టి ఉంటే ఆశ్చర్యం.

బహిరంగ విచారణకి ఆస్పత్రి ఆవరణలో షామియానా వేశారు. డైరెక్టరేటు నుంచి జాయింట్ డైరెక్టరు కోదండపాణిగారు విచ్చేశారు. జనం కూడా బాగానే వచ్చారు. సంపెంగవలస యువజన సంఘం బ్యానరు పట్టుకుని మరీ వచ్చింది. ఊళ్ళో పుట్టిన ఏ జీవికైనా ఊళ్ళోనే న్యాయం జరగాలని వాళ్ళు నినాదాలు ఇచ్చారు. వర్తక సంఘం మాత్రం క్రిమి ఈ ఊరిది కాదు పొమ్మంది. ఈ ఊరిదని తేలితే బయటి బేరాలు పోతాయని వాళ్ళ భయం.

"ఊరి పేరు చెడిపోద్దండీ!" అని వర్తక సంఘం అధ్యక్షుడు బల్ల గుద్దాడు. "రేపు సంపెంగవలసంటే క్రిముల ఊరంటారు!"

వకుళకి అప్పటికి ఓపిక అయిపోయింది. లేచి, వెటకారంగానే అంది. "అవునండీ, అంటారు. కొత్త రకం దొరికితే దానికి ఆ ఊరి పేరే పెట్టొచ్చు. ప్రపంచంలో ఏ శాస్త్రవేత్త ఈ క్రిమిని గురించి రాసినా 'సంపెంగవలస రకం' అనే రాస్తాడు. అమెరికాలో పుస్తకాల్లోకీ, జపాన్‌లో పుస్తకాల్లోకీ మన ఊరి పేరు ఎక్కుతుంది. సంతోషమేనా?"

షామియానా కింద తలలన్నీ వకుళ వైపు తిరిగాయి. మైకు కుయ్యిమంది.

"ప్రపంచంలోనా?" అన్నారు తహశీల్దారు జగన్నాయకులుగారు.

"పుస్తకాల్లోనా?" అన్నారు జాయింట్ డైరెక్టరు కోదండపాణిగారు.

వర్తక సంఘం అధ్యక్షుడు బల్ల మీంచి చెయ్యి తీసేశాడు. పట్నాయక్‌గారైతే కుర్చీలోంచి సగం లేచి అలాగే ఉండిపోయారు. వకుళ ఒక్కొక్కరి ముఖమూ చూసింది. తను వేళాకోళమాడితే వీళ్ళకి వరమిచ్చినట్టు వినిపించిందని గ్రహించింది. వెంటనే కూర్చుంది, ఇంక ఒక్క ముక్క వదిలినా నవ్వొచ్చేలా ఉంది.

మర్నాటికల్లా కథ అడ్డం తిరిగింది. అరువు పేషెంట్లని ఇవ్వనన్న ఆ పక్క జిల్లా ఆస్పత్రే, ఆ క్రిమి నిజానికి తమదని ఉత్తరం రాసింది. తమ దగ్గర నుంచి రిఫరై వెళ్ళిన ఒక పేషెంటుతో అది వలస వెళ్ళిందట, కాబట్టి తమ ఊరి పేరే పెట్టాలట. అది చదివి పట్నాయక్‌గారు మండిపడ్డారు. ఆయన ఉద్యోగజీవితంలో అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు.

"మన గోడల్లో పుట్టి, మన నీళ్ళు తాగి, మన పేషెంట్లని తిని పెరిగిన క్రిమి! దాన్ని పరాయి జిల్లావాళ్ళు పట్టుకుపోతుంటే చూస్తూ ఊరుకుంటామా? ఏమ్మా వకుళా, ఇది మనదేనని రుజువు చెయ్యలేమా?"

వకుళ ముఖంలో ఒక్క గీత కదలలేదు. "చెయ్యొచ్చు సార్. జన్మస్థలమే ఉంది మన దగ్గర."

"జన్మస్థలమా!" అన్నారు జగన్నాయకులుగారు. ఆయన అప్పుడే క్రిమికి స్థానికత పత్రం మీద సంతకం చేసి, ఎడమ బొటనవేలి ముద్ర గడి దగ్గర ఆగిపోయి ఉన్నారు.

"డ్రెస్సింగ్ రూములో షవరండీ. కానీ ఒకటే భయం. రోజూ దాని కింద పేషెంట్లని కడుగుతున్నాం. అరిగిపోతుందేమో. పక్క జిల్లావాళ్ళు ఎవరైనా పేషెంటు వేషంలో వచ్చి విప్పుకుపోయినా మనం చెయ్యగలిగింది లేదు."

"వెంటనే తీయించండి!" అన్నారు కోదండపాణిగారు. "అద్దాల పెట్టెలో పెట్టించండి! చారిత్రక ప్రాధాన్యము దృష్ట్యా యథాతథ స్థితి నుండి మినహాయింపు ఇవ్వడమైనది!"

"పెట్టెకి గాలి కూడా చొరకుండా సీలు వెయ్యాలి సార్" అంది వకుళ. "ఇంకో విషయం. పుట్టింది షవరులోనే అయినా, తాతముత్తాతలంతా వెనకున్న గొట్టంలో ఉన్నారు. ట్యాంకు దాకా."

"గొట్టం కూడా తీయండి! వంశాన్ని విడదీస్తామా?"

ఆమె ఎంత బతిమాలినా కదలని గొట్టం ఒక్క పూటలో కదిలింది. ఖాళీ గోడ ఫోటోల్లో బాగుండదని అక్కడ కొత్త గొట్టమూ, కొత్త షవరూ బిగించారు. ట్యాంకు కడిగించారు. సలోమి పక్కన నిలబడి, బ్లీచింగు ఎంత వేయాలో చెప్పి వేయించింది. ఎందుకింత అంటే, పూజ్యుల ఇల్లు ఖాళీ చేశాక శుద్ధి చెయ్యొద్దా అంది.

ఆవిష్కరణ ఘనంగా జరిగింది. ఆస్పత్రి వరండాలో అద్దాల పెట్టె, అందులో వంకర గొట్టం, దాని కొసన తుప్పు పట్టిన షవరు. పెట్టెకు బంతిపూల దండ. కింద నల్లరాతి మీద "సంపెంగవలస రకము, జన్మస్థలము" అని బంగారు రంగు అక్షరాలు. ఒకాయన పెట్టె తెరిపించి కుంకుమ పెడతానని ముందుకొచ్చాడు గానీ సలోమి అడ్డంగా నిలబడింది. కోదండపాణిగారు ప్రసంగించారు. "క్రిమి చిన్నదైనను దాని పట్టుదల పెద్దది. ఎన్ని మందులు ప్రయోగించినను లొంగని ఆ ధీరత్వమును యువత ఆదర్శముగా తీసుకొనవలెను." యువత చప్పట్లు కొట్టింది. చిట్టచివర జాతీయగీతం పాడుతుంటే వకుళ కూడా నిటారుగా నిలబడింది. కళ్ళు మాత్రం డ్రెస్సింగ్ రూము వైపే ఉన్నాయి. లోపల కొత్త నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది.

అక్కడి నుంచి వార్డులో పచ్చటి చీము తగ్గుముఖం పట్టింది. ఒక్కొక్క పుండూ ఎర్రగా, శుభ్రంగా తేరుకుంది. ఎర్నమ్మ చేతికి సర్జను రెండోసారి చర్మం అతికించాడు. కట్టు విప్పే రోజున వకుళ ఊపిరి బిగబట్టి వంగి చూసింది. చర్మం గులాబీ రంగులో, అంటిన చోట అంటినట్టే ఉంది.

"కదుపమ్మా" అంది.

ఎర్నమ్మ వేళ్ళు కదిపింది. బొటనవేలు కాస్త మొండికేసి, తర్వాత అదీ కదిలింది. డాక్టరు ఏడవకూడదని ఎక్కడా రాసి లేదు కదా అని వకుళ ఏడ్చేసింది.

కానీ డైరెక్టరేటు ఊరుకుంటుందా? పట్నం నుంచి కొత్త నమూనాలు అడిగారు. వార్డులో ఆ క్రిమి మచ్చుకైనా దొరకలేదు. వెంటనే వకుళకి మెమో వచ్చింది. "జిల్లాకు గర్వకారణమైన స్థానిక క్రిమి తమ సంరక్షణలో ఉండగా కనుమరుగగుటకు కారణమేమి? సంజాయిషీ ఇచ్చుకొనవలెను."

పట్నాయక్‌గారు కంగారుపడి ఆమెని పిలిపించారు. "ఏమని రాస్తావమ్మా? చచ్చిపోయిందని రాస్తే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి."

వకుళ కలం తీసి అక్కడే రాసింది. "సదరు క్రిమి ఇక్కడ ఉపాధి దొరకక, పొట్ట చేతబట్టుకుని, సకుటుంబముగా వలస వెళ్ళినట్లు తెలియుచున్నది."

ఆ సంజాయిషీని ఒక్క ప్రశ్న లేకుండా ఆమోదించారు. కింద కోదండపాణిగారి చేతిరాతలో ఒక ముక్క కూడా ఉంది. "ఈ జిల్లా వాస్తవ్యుల ఆనవాయితీకి అనుగుణముగానే ఉన్నది. ఫైలు మూసివేయవచ్చును."

తర్వాత కొన్నాళ్ళకి ఎర్నమ్మ వేడివేడి మిరపకాయ బజ్జీల పొట్లంతో ఆస్పత్రికి వచ్చింది. బండి మళ్ళీ పెట్టింది. పిండి తనే కలుపుతోంది. వకుళ ఎదురెళ్ళేసరికి ఆమె వరండాలో అద్దాల పెట్టె ముందు ఆగి ఉంది. బంతిపూల దండ, నల్లరాయి, బంగారు అక్షరాలు చూసి చెప్పులు విడిచేసింది.

"ఈ సామెవరమ్మా? మొన్న ఇంటికెల్లే తొందర్లో సూడ్లేదు."

వకుళకి చెప్పాలనిపించింది. నీ చేతిని తిన్నది ఇక్కడి నుంచే వచ్చిందని, దానికే ఈ దండలనీ నోటిదాకా వచ్చింది. ఈలోగా ఎర్నమ్మ పొట్లం పక్కన పెట్టి కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టింది. రెండు అరచేతులూ సాఫీగా ఒకదానికొకటి ఆనుకున్నాయి. వంకర లేదు, సందు లేదు. వకుళ ఆ చేతుల వైపు చూస్తూ ఉండిపోయింది.

"మొక్కుకో అమ్మా" అంది చివరికి. "కానీ దూరం నుంచే మొక్కుకో. ఆ సామి చేతులు చూస్తే ఊరుకోడు."